కష్టమైన ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలా? గదిలోకి వెళ్ళే ముందు మనసును ఇలా సిద్ధం చేసుకోండి

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అతని పని బాగాలేదు, చెప్పాలి. ఏమని చెప్పాలి?" అప్రైజల్స్ దగ్గర పడేకొద్దీ ఈ ప్రశ్న ఇంకా ఎక్కువగా వస్తుంది. నాలుగు వాక్యాలు రాసిస్తే వెళ్ళి అప్పజెప్పేస్తాం అన్నట్టు అడుగుతారు. వాక్యాలు రాసివ్వడం పెద్ద పని కాదు. కానీ అదే వాక్యం కోపం దిగమింగుకుని చెబితే ఒకలా, మొహమాటంతో నసుగుతూ చెబితే ఇంకోలా, ఎదుటి మనిషి నిలదొక్కుకోవాలని నిజంగా కోరుకుని చెబితే మరోలా వినిపిస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం మీరు గది తలుపు తీయకముందు చేసుకోవాల్సిన పని గురించే చెబుతాను.

చివరిదాకా ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్, మీరు లీడ్. మొన్నటిదాకా మీ పక్క సీట్లో కూర్చుని, మీతో కలిసి లంచ్ చేసిన అబ్బాయి ఇప్పుడు మీకే రిపోర్ట్ చేస్తున్నాడు. పని ఎంతవరకు వచ్చిందో టీమంతా చెప్పుకునే పొద్దుటి స్టేటస్ కాల్‌లో "ఆల్మోస్ట్ అయిపోయిందన్నా" అంటాడు. సాయంత్రం చూస్తే సగం కూడా కాలేదు. మూడుసార్లు ఇలాగే జరిగింది. మూడోసారి క్లయింట్ ముందు మాట పడింది మీరు. మీరు నడిపేది స్కూలైనా, ఆసుపత్రి వార్డైనా, బట్టల షాపైనా చేయాల్సిన పని ఇంచుమించు ఇదే.

ఏమేం కావాలి

- ఒక కాగితం, పెన్ను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయకండి. స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఆ ఫైలు పేరు ఎవరి కంటైనా పడొచ్చు.
- ముందు రోజు ఒక అరగంట, ఎవరూ పిలవని చోట.
- జరిగిన సంఘటనలు రెండో మూడో, తేదీలతో సహా. మెయిల్స్, టికెట్లు (ఎవరికి ఏ పని ఇచ్చారో నమోదయ్యే ఎంట్రీలు) చూసి రాసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడితే మీకు అనుకూలమైనవే గుర్తొస్తాయి.
- తలుపు వేసుకునే గది, 45 నిమిషాలు. ఆ వెంటనే మీకుగానీ అతనికిగానీ ఇంకో మీటింగ్ ఉండకూడదు.
- వీలైతే, టీమ్‌తో సంబంధం లేని, విషయం బయట పెట్టని మనిషి ఒకరు.

ముందుగా ఒక హెచ్చరిక

విషయం పని తీరు గురించి కాకుండా వేధింపు గురించో, డబ్బు అవకతవకల గురించో అయితే ఇక్కడే ఆగండి. అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చేది కాదు. ఉద్యోగ స్థలంలో మహిళలపై లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు అక్కడికి వెళ్ళాలి. "నేను పిలిచి సర్దిచెబుతాలే" అని మీరు మధ్యలో దూరితే ఫిర్యాదు చేసిన మనిషికే అన్యాయం జరుగుతుంది.

దశ 1: ఎందుకు చెబుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి

కాగితం పైన ఇలా మొదలుపెట్టి పూర్తి చేయండి: "ఈ మాట అయిపోయాక అతను ____ చేయగలగాలి."

ఖాళీలో "తన తప్పు తెలుసుకోవాలి", "నేనెంత ఇబ్బంది పడ్డానో అర్థం కావాలి" అని వస్తే మీరు ఇంకా సిద్ధంగా లేరు. ఆ రెండూ మీ మనసు తేలిక పడడానికి కావాల్సినవి. అతను రేపు చేయగలిగే పని ఒకటి రావాలి. మన ఉదాహరణలో అది ఇది: "పని ఆగిపోయినప్పుడు, ఆగిపోయిందని అదే రోజు చెప్పగలగాలి."

ఎంత ప్రయత్నించినా ఆ ఖాళీ నిండకపోతే, లోపల్లోపల అతను టీమ్‌లోంచి వెళ్ళిపోతే బాగుండునని ఉంటే, దాన్ని ఒప్పుకోండి. అప్పుడు మాట్లాడాల్సింది ముందు మీ మేనేజర్‌తో. అతన్ని పంపేయాలని మనసులో నిర్ణయించుకుని, బాగుపరిచే మాటలాగా కూర్చోబెట్టి మాట్లాడడం మోసం. అవతలివాళ్ళకు అది తెలియకుండా పోదు.

దశ 2: చూసింది ఒకవైపు, అనుకున్నది ఒకవైపు

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీరు చూసినవి, విన్నవి. కుడివైపు వాటి మీద మీకు కలిగిన అభిప్రాయాలు.

ఎడమవైపు: "12వ తేదీ పొద్దున ఆల్మోస్ట్ అయిపోయిందన్నాడు. సాయంత్రం 6కి చూస్తే 5 టెస్ట్ కేసుల్లో 2 మాత్రమే రన్ అయ్యాయి."
కుడివైపు: "బాధ్యత లేదు. అబద్ధాలు చెబుతున్నాడు. నన్ను లెక్కచేయట్లేదు."

గదిలోకి తీసుకెళ్ళేది ఎడమవైపు మాత్రమే. ఆ రోజు అక్కడ మూడో మనిషి ఉండి ఉంటే అతను కూడా "అవును, ఇలాగే జరిగింది" అని ఒప్పుకునే మాటలే అక్కడ ఉండాలి. సరిచూసుకోవడం సులువు: ఎడమవైపు రాసిన వాటిలో "ఎప్పుడూ", "అసలు", "ఒక్కసారి కూడా", "అందరూ అంటున్నారు" ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే కొట్టేసి, తేదీ రాయండి. తేదీ దొరక్కపోతే ఆ అంశాన్నే వదిలేయండి.

ఇక్కడ ఒక్క పరిశోధన గురించి చెప్పాలి. 1996లో క్లూగర్, డినిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలు కూడగట్టి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో, ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా దిగజారింది. వాళ్ళ వివరణ ప్రకారం, వినేవాడి ధ్యాస పని మీద నుంచి తన మీదికి, తన విలువ మీదికి మళ్ళేకొద్దీ ఫలితం తగ్గుతుంది. కుడివైపు మాటలు చేసేది సరిగ్గా అదే. "బాధ్యత లేదు" అన్న క్షణం నుంచి అతను టెస్ట్ కేసుల గురించి ఆలోచించడు, తన పరువు ఎలా నిలబెట్టుకోవాలా అని ఆలోచిస్తాడు.

దశ 3: మీ వాటా రాసుకోండి

చాలామంది దాటేసే దశ ఇది. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

- ఈ పని ఎప్పటికి కావాలో తేదీ పెట్టి చెప్పానా, లేక "తొందరగా చూడు" అన్నానా?
- మొదటిసారి జరిగినప్పుడు ఏమన్నాను? "పర్లేదులే" అన్నానా?
- ఇంతకుముందు ఎవరైనా "కాలేదు" అని నిజం చెబితే ఎలా స్పందించాను? అందరి ముందు నిట్టూర్చానా?
- అతను ఆగిపోతే ఎవరిని అడగాలో అతనికి తెలుసా?

రెండో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. మనకు మొహమాటం ఎక్కువ. రెండుసార్లు పర్లేదన్నాక, మూడోసారి మన ఓపిక అయిపోతుంది. మీ లెక్కలో అది మూడో తప్పు. అతని లెక్కలో అది మొదటి తప్పు, ఎందుకంటే ముందు రెండూ తప్పులని ఎవరూ చెప్పలేదు. చెడు వార్త చెప్పడానికి మనిషి వెనకాడతాడన్నది కొత్త విషయమేమీ కాదు. 1970లోనే రోజెన్, టెసర్ అనే మనస్తత్వవేత్తలు ప్రయోగాలు చేసి, మంచి కబురును మోసుకెళ్ళినంత తేలిగ్గా, అంత పూర్తిగా మనుషులు చెడు కబురును మోసుకెళ్ళరని చూపించారు. మీరు ఆగడం సహజమే. కానీ ఆగిన కాలానికి బిల్లు అతని చేతిలో పెట్టకూడదు.

మీ వాటా ఏదైనా తేలితే అది గదిలో ముందే చెప్పాలి, ఒక్క వాక్యంలో: "మొదటిసారే నేను నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. అది నాది." అక్కడితో ఆపేయండి. ఇంతకు మించి పొడిగిస్తే అతను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అసలు విషయం పక్కకు పోతుంది.

దశ 4: ఇంకో రెండు కారణాలు వెతకండి

కుడివైపు మీరు రాసిన అభిప్రాయం నిజం కాకపోతే ఇంకేం అయ్యుండొచ్చు? కనీసం రెండు రాయండి. ఎదుటివాడు ఆలస్యంగా వస్తే అతని గుణమే అంత అనుకుంటాం, మనం ఆలస్యమైతే ట్రాఫిక్ అంటాం. ఇది అందరిలో ఉన్న పొరపాటే. బలవంతంగానైనా రెండు కారణాలు రాయమనేది అందుకే.

మన ఉదాహరణలో: అతనికి ఆ మాడ్యూల్ సరిగ్గా అర్థం కాలేదేమో. "ఆల్మోస్ట్" అంటే అతని ఉద్దేశం కోడ్ రాయడం వరకే, టెస్టింగ్ కాదేమో. వేరే టీమ్ నుంచి రావాల్సింది రాలేదేమో. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారేమో.

ఇంకోటి కూడా ఉంది, మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు చాలామంది ఇంగ్లిష్ కాల్‌లో ఇరవైమంది వింటుండగా "ఇది కాలేదు, ఎందుకంటే" అని మొదలుపెట్టి వివరించడానికి జంకుతారు. "ఆల్మోస్ట్ డన్" రెండే మాటలు, ఎవరూ తిరిగి ప్రశ్న అడగరు. అది అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం కాదు, ఆ నిమిషం గండం గడవడం. అలాంటివాడికి "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకో" అని చెబితే సమస్య పేరు మారుతుంది తప్ప పరిష్కారం రాదు. కాల్‌కు పావుగంట ముందు మీకు తెలుగులో మెసేజ్ పెట్టమంటే ఆ వారంలోనే తేడా తెలుస్తుంది.

వీటిలో ఏది నిజమో మీకు తెలియదు. తెలియదన్న సంగతి మనసులో పెట్టుకుని లోపలికి వెళ్ళడమే ఈ దశ వల్ల జరిగే మేలు. మీ ప్రశ్నలు అప్పుడు నిజమైన ప్రశ్నల్లా వినిపిస్తాయి.

దశ 5: కోపం ఎంత ఉందో చూసుకోండి

ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ వాడుతున్న సిస్టమ్‌లో, సమస్య వచ్చిన రాత్రి, క్లయింట్ కాల్ ముగిసిన పది నిమిషాలకు, ఆకలితో ఉన్నప్పుడు ఈ మాట పెట్టుకోకండి. ఒక రాత్రి నిద్రపోయి లేవండి. కానీ రెండు మూడు రోజులు దాటనివ్వకండి. ఆ తర్వాత అది చల్లారడం కాదు, దాచిపెట్టుకోవడం.

పరీక్ష ఇలా: దశ 1లో రాసిన వాక్యాన్ని గట్టిగా చదవండి. చదివేటప్పుడు దవడ బిగుసుకుంటుంటే, మనసులో అతనితో వాదన నడుస్తుంటే ఇంకా కోపంలో ఉన్నారు. కడుపులో తిప్పుతూ, "ఈ వారం వద్దులే" అనిపిస్తుంటే మొహమాటంలో ఉన్నారు. కోపమైతే కాస్త నడిచి రండి, లేదా టీమ్‌తో సంబంధం లేని ఆ మనిషికి చెప్పుకుని ఖాళీ చేసుకోండి. మొహమాటమైతే ఆగకండి, మీటింగ్ ఏ రోజో ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఆగేకొద్దీ కోపం తగ్గుతుంది, మొహమాటం పెరుగుతుంది.

ఇన్వైట్ ముందు రోజు రాత్రి పంపి "అర్జెంట్‌గా మాట్లాడాలి" అని రాయకండి. అతనికి ఆ రాత్రి నిద్ర ఉండదు, ఉద్యోగం పోయిందనుకుంటాడు. అదే రోజు పొద్దున పంపండి, విషయం రాయండి: "స్టేటస్ అప్‌డేట్స్ గురించి మనిద్దరం ఓ అరగంట మాట్లాడుకుందాం." శుక్రవారం సాయంత్రం వద్దు. రెండు రోజులు ఒంటరిగా నలిగిపోతాడు, అడగడానికి మీరుండరు.

దశ 6: మొదటి రెండు వాక్యాలు నోటితో చెప్పి చూడండి

మొత్తం ప్రసంగం రాసుకోవద్దు. మొదటి రెండు వాక్యాలు, చివర అడిగే ప్రశ్న చాలు.

ఇలా వద్దు: "ఏం లేదు, ఊరికే పిలిచాను. నువ్వు చాలా బాగా చేస్తున్నావ్, కాకపోతే చిన్న చిన్నవి..." పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడితే అతను "బాగా చేస్తున్నావ్" ఒక్కటే విని బయటికి వెళ్తాడు.

ఇలా చెప్పండి: "నీ స్టేటస్ అప్‌డేట్స్ గురించి మాట్లాడాలి, ఇది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. 12న, 19న, 26న అయిపోయిందన్న పని ఆ సాయంత్రానికి కాలేదు, దాని మీద క్లయింట్‌కి ఇచ్చిన మాట తప్పాం. నీ వైపు నుంచి ఏం జరిగిందో చెప్పు."

రోజూ ఏ భాషలో మాట్లాడుకుంటారో అందులోనే మాట్లాడండి. రోజూ తెలుగులో "ఏరా, తిన్నావా" అనే మనిషి హఠాత్తుగా గదిలో ఇంగ్లిష్‌లోకి మారితే, విషయం వినకముందే ఎదుటివాడు భయపడిపోతాడు.

దశ 7: నాలుగు రకాల స్పందనలకు సిద్ధపడండి

*మౌనం.* మీరు మాటలతో నింపకండి. మనసులో పది లెక్కపెట్టండి.

*కన్నీళ్ళు.* నీళ్ళు ఇవ్వండి, "ఐదు నిమిషాలు ఆగుదామా?" అనండి. చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోకండి. "అబ్బే, అంత పెద్ద విషయం కాదులే" అంటే అతనికి అసలు ఏది నిజమో తెలియకుండా పోతుంది.

*ఎదురుదాడి.* "వాళ్ళు కూడా లేట్ చేస్తున్నారు కదా, నన్నే ఎందుకంటారు?" జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి: "వాళ్ళతో మాట్లాడాల్సింది ఉంటే విడిగా మాట్లాడతాను. ఇప్పుడు ఇది మన గురించి." అతను చెప్పింది నిజమైతే రాసుకోండి, నిజంగానే వాళ్ళతోనూ మాట్లాడండి.

*"ఓకే అన్నా, సారీ అన్నా."* మన దగ్గర అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది దీనితోనే. రెండు నిమిషాల్లో అన్నీ ఒప్పేసుకుంటాడు, మీకు హాయిగా ఉంటుంది, లేచి వచ్చేస్తారు. అతను ఒప్పుకున్నది మీ మాటను కాదు, మీ పదవిని. స్టేటస్ కాల్‌లో "ఆల్మోస్ట్" అన్నదీ ఇదీ ఒకటే అలవాటు: ఎదుటివాళ్ళు వినాలనుకున్నది చెప్పి గట్టెక్కడం. కాబట్టి సారీని అందుకుని అక్కడే ఆగిపోకండి. "సారీ సరే. 19న పొద్దున కాల్‌కి ముందు నీ దగ్గర ఎంత అయింది, అక్కడి నుంచి చెప్పు" అని నెమ్మదిగా ఆ రోజుకు తీసుకెళ్ళండి.

ఇంకో మాట. మాటల్లో అతను బతకాలని లేదన్నా, తీవ్రంగా కుంగిపోయినట్టు అనిపించినా ఫీడ్‌బ్యాక్ అక్కడితో ఆపేయండి. ఒంటరిగా వదలకండి. ఇంటివాళ్ళకో దగ్గరివాళ్ళకో చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

దశ 8: ఏం వింటే మీ అభిప్రాయం మారుతుంది?

కాగితం కింద రాసుకోండి: "____ అని తేలితే నేను నా నిర్ణయం మార్చుకుంటాను." ఉదాహరణకు, వేరే టీమ్ నుంచి రావాల్సింది రాలేదని మీకే ముందు మెయిల్ పెట్టి ఉంటే. ఈ ఖాళీలో రాయడానికి ఏమీ దొరక్కపోతే మీరు మాట్లాడడానికి వెళ్ళట్లేదు, తీర్పు చదవడానికి వెళ్తున్నారు.

మారనిది కూడా ఒకటి రాసుకోండి: "ఆగిపోతే అదే రోజు చెప్పాలి." కారణం ఏదైనా ఇది మాత్రం మారదు.

పరిస్థితి వేరైతే

*మీకంటే పెద్దవాళ్ళయితే.* పదేళ్ళు పెద్దాయనకు మీరు లీడ్ అయ్యారు. "మీరు, అండి" ఎంత గౌరవంగా ఉన్నా ఫర్వాలేదు, విషయంలో మెత్తబడకండి. "మీకు తెలియనిది కాదు" అని మొదలుపెట్టకండి, ఎత్తిపొడుపులా ఉంటుంది. "సార్, ఒక విషయంలో మీతో సూటిగా మాట్లాడాలి, మాట్లాడకపోతే మీ అనుభవానికి నేను గౌరవం ఇచ్చినట్టు కాదు" అనొచ్చు.

*స్నేహితుడైతే.* టీ తాగుతూ చెప్పేద్దాం అనుకోకండి. టీ దగ్గర అతను స్నేహితుడి మాట వింటాడు, లీడ్ మాట వినడు. గదిలోనే మాట్లాడండి. టీకి ఆ తర్వాత వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి.

*అతను ఆన్‌సైట్‌లోనో (క్లయింట్ ఉన్న దేశంలోనో) ఇంటి నుంచో పనిచేస్తుంటే.* వీడియో కాల్ చేయండి. అతని టైమ్ చూసుకోండి, అక్కడ రాత్రి పదింటికి పెట్టకండి. మెసేజ్‌లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

*మీ మేనేజర్‌కే చెప్పాల్సి వస్తే.* దశలన్నీ అవే, సంఘటన మాత్రం ఒక్కటే తీసుకెళ్ళండి. ముందు అనుమతి అడగండి: "మీటింగ్ గురించి నాకనిపించింది ఒకటి చెప్పొచ్చా?"

ఎక్కువగా చేసే పొరపాట్లు

పాత ఖాతా తెరవడం అన్నిటికంటే ఎక్కువ చూస్తాను. ఈ నెల విషయానికి కూర్చుని, పోయిన ఏడాది దసరా సెలవుల దాకా వెళ్ళిపోతారు. కాగితం మీద లేనిది నోట్లోంచి రాకూడదు.

ఇంకొకరితో పోల్చడం. "ఆ అమ్మాయిని చూడు, నీ తర్వాత చేరింది" అంటే ఒకేసారి ఇద్దరికి నష్టం. రేపటి నుంచి ఆ అమ్మాయితో ఇతను సరిగ్గా మాట్లాడడు.

మధ్యవర్తిని పంపడం. "నువ్వు వాడికి క్లోజ్ కదా, కాస్త చెప్పు" అంటే అతనికి చేరేది మీ మాట కాదు, తన గురించి వెనకాల మాట్లాడుకుంటున్నారన్న సంగతి.

పొగడ్తల మధ్య పెట్టి చెప్పడం. మెచ్చుకోవాల్సింది ఉంటే అది జరిగిన రోజే మెచ్చుకోండి. ప్రతిసారీ విమర్శకు ముందు పొగిడితే, కొన్నాళ్ళకు మీరు పొగడగానే అతనికి టెన్షన్ మొదలవుతుంది.

"నీ మంచికే చెబుతున్నా" అనడం. అతని మంచికా కాదా అన్నది అతనే తేల్చుకుంటాడు.

పని జరిగిందా లేదా, ఎలా చూసుకోవాలి

గదిలో ఉండగానే: "మనం ఏం అనుకున్నామో నీ మాటల్లో చెప్పు" అని అడగండి. అతను చెప్పింది దశ 1లో మీరు రాసిన వాక్యానికి దగ్గరగా ఉందా? "ఇంకా కష్టపడాలన్నారు" అంటే చేరలేదు, మళ్ళీ చెప్పండి. అరగంటలో ఎక్కువసేపు ఎవరు మాట్లాడారో గమనించండి. ఇరవై నిమిషాలు మీరే మాట్లాడి ఉంటే అతను చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

ఆ సాయంత్రం: అతను మామూలుగా పలకరిస్తున్నాడా లేదా అని కంగారుపడకండి. ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండడం సహజం. మీరు మాత్రం మామూలుగా ఉండండి, లంచ్‌కి పిలవండి. గదిలో జరిగింది ఇంకెవరికైనా చెప్పాలని మీ నాలుక దురదపెడుతుంటే కోపం ఇంకా మిగిలి ఉందన్నమాట. ఆ రోజుకు నోరు కట్టేసుకోండి.

రెండు వారాల్లో: పనులన్నీ టైమ్‌కి అవుతున్నాయా అని చూడకండి, అంత తొందరగా అవ్వవు. అతను తనంతట తాను వచ్చి "అన్నా, ఇది ఈరోజు అవ్వదు" అని ఒక్కసారైనా చెప్పాడా, అది చూడండి. చెప్పినప్పుడు మీ ముఖం ఎలా ఉందన్నది ఇంకా ముఖ్యం. "సరే, ఎక్కడ ఆగింది?" అనగలిగితే రెండోసారి కూడా వస్తాడు. ఒక్కసారి కూడా రాకపోతే దశ 3 మళ్ళీ చేయండి, ఈసారి నిజం చెప్పడానికి అతను దేనికి భయపడుతున్నాడో అతన్నే అడగండి.

ఆ రెండు వారాల తర్వాతి మీటింగ్‌ను మొదటి గదిలోంచి లేవకముందే ఇద్దరి క్యాలెండర్లలో పెట్టేయండి, పావుగంట చాలు. అప్పటికి అంతా బాగుంటే దాన్ని రద్దు చేయకండి. కూర్చుని, ఏం మారిందో తేదీలతో సహా చెప్పండి.